ఒట్టు వేయని బండి

సెకండ్ హ్యాండ్ బండి కొనాలంటే ముందు ఫస్ట్ హ్యాండ్ అబద్ధాలు వినాలి. ఈ మాట గిరిప్రసాద్ సొంతంగా కనిపెట్టి, ఆ వారంలో కనిపించిన ప్రతివాడికీ వినిపించాడు. చిత్తూరులో ఫ్లెక్సీ బోర్డులు అచ్చువేసే షాపు అతనిది. మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి బోర్డు మీద పడుకోబెట్టడం వృత్తి. అదే పని నోటితో ఊరికే చేయడం ప్రవృత్తి. యాభై దాటాక ఒళ్ళు మాత్రం ఫ్లెక్సీ గుణం వదిలేసింది. కిందపడిన పెన్ను తీయాలంటే ముందు పక్కనున్న కుర్చీ సాయం అడగాలి.

అలాంటి మనిషికి మోటారు సైకిలు మీద మళ్ళీ మనసు పుట్టింది. అదీ మామూలు బండి కాదు. హ్యాండిలు కిందికి దిగి, వెనక సీటు పైకి లేచి, నడిపేవాడు ట్యాంకు మీద సాష్టాంగపడే రేసు రకం.

"ఆ బండి మీద నువ్వు వంగితే బండికొక ట్యాంకు, నీకొక ట్యాంకు. రెండూ గుద్దుకుంటాయి, సూసుకో," అంది పంకజాక్షి. అతనితో కాపురం చేసి చేసి ఆవిడకూ ఆ అంటురోగం సోకింది.

"గుద్దుకోనీవే. ఇంట్లో నువ్వు గుద్దేదానికన్నా తక్కువే," అన్నాడు గిరి.

అతను బండి మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పట్లో పాకాల దగ్గర ఒక పెళ్ళికి పోయాడు. తాళి ముడి వేసేది చూడకుండా, పందిరి వెనక సీసా మూత తీసేది చూశాడు. తిరుగుప్రయాణంలో స్నేహితుడు నరేంద్రను వెనక కూర్చోబెట్టుకుని, మలుపులో సైకిలు మీద గడ్డిమోపుతో వస్తున్న ఏకాంబరం అనే రైతును గుద్దాడు. ఏకాంబరానికి కాలు విరిగింది. గిరి తుంటి విరిగి, వేలూరు ఆసుపత్రిలో నెలల తరబడి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నరేంద్రకు చర్మం గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. కేసు లేదు, కోర్టు లేదు.

"నాయన పోయి మాట్లాడినాడు. మంచోళ్ళు, వదిలేసినారు," అని గిరి అందరికీ చెప్పేవాడు. చివర్లో ఒక తాలింపు కూడా వేసేవాడు: "ఆయనకు కాలు విరిగె, నాకు తుంటి విరిగె, మధ్యలో కేసు విరిగిపోయె!" వాళ్ళు ఎందుకు వదిలేశారని మాత్రం అతను ఎన్నడూ అడగలేదు. నాయన ఉన్నన్నాళ్ళూ అడగలేదు, పోయాక అడగడానికి నాయన లేడు.

గిరి మాటలకు మొదట్లో నవ్విన స్నేహితులు చాలామందే ఉండేవాళ్ళు. ఒకడి బట్టతల మీద, ఒకడి మామ మీద, ఒకడి కూతురు తప్పిన పరీక్ష మీద అతను జోకులు వేయగా వేయగా, నవ్వినవాళ్ళు నొచ్చుకుని, నొచ్చుకున్నవాళ్ళు తప్పుకుని, చివరికి నరేంద్ర ఒక్కడు మిగిలాడు. బోరు మోటార్లకు రాగితీగ చుట్టే షాపు నరేంద్రది. తీగ చుట్టే మనిషి కాబట్టి ఓపిక ఎక్కువ. గిరి మాట్లాడితే చివరిదాకా వినేవాడు అతనొక్కడే. వినేవాడు లేని వాగుడుకాయ గాలి లేని టైరు లాంటివాడని గిరికి తెలుసు. రాత్రి పడుకునే ముందు అప్పుడప్పుడు ఆ సంగతి తలుచుకుని భయపడేవాడు కూడా. పగలు తలుచుకునేవాడు కాదు.

ఇప్పుడు గిరి ముందు రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి నరేంద్రదే, నల్లది. పిల్లల బాధ్యత తీరాక సరదాపడి కొనుక్కున్నాడు. తీగ చుట్టీ చుట్టీ మణికట్టు నరం పట్టేసి క్లచ్చు నొక్కలేక అమ్మేద్దామనుకున్నాడు. అనుకోగానే ముందు గిరికే చెప్పాడు.

"నా చెయ్యి పనికిరాలేదురా. నువ్వు తీసుకుంటే బండి మన మధ్యనే ఉంటాది. ఆదివారం పొద్దున నువ్వు నడుపు, నేను ఎనక కూసుంటా. శ్రీకాళహస్తి దాకా పోయొద్దాం."

రెండోది ఎర్రది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన పాత బండ్లు అమ్మే రూపేష్ దగ్గర ఉంది. ముందు గాలిని కోసే తొడుగు, స్టార్టు చేస్తే చుట్టుపక్కల కుక్కలన్నీ లేచి నిలబడే సైలెన్సరు. దాన్ని చూసినప్పుడు గిరి తుంటి నొప్పి మరిచిపోయాడు. మనసు ఎరుపు వైపు, మనిషి నలుపు వైపు. వారమంతా అతని కడుపులో సిగ్నల్ లైటు వెలిగి ఆరుతూ ఉంది.

నల్లబండిని మెకానిక్ గోవిందుకు చూపించాడు. గోవిందు ఇంజను విని, చైను లాగి, కింద పడుకుని చూసి లేచాడు.

"బండి కండిషన్‌గా ఉండాదన్నా. ఒకటే మాట. ట్యాంకుకు ఎడమ పక్క రంగు కొత్తది. పడిన బండికే ఇట్లా ఒక పక్క రంగేస్తారు. ఏమో, అడిగి సూడు."

"వాడు ఒక్కసారి కూడా పడలేదన్నాడే!"

"అందుకే అడగమంటాండా."

అడిగి ఉంటే పోయేది. గిరి అడగలేదు. మనసులో ఎర్రబండి ఉన్నవాడికి నల్లబండిలో లోపం దొరికితే, అది పండగరోజు దొరికిన సాకు లాంటిది. దాన్ని అంత తొందరగా పాడుచేసుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

ఆదివారం పొద్దున నరేంద్రను వెనక కూర్చోబెట్టుకుని నల్లబండి మీద పూతలపట్టు దాకా పోయాడు. మొదటి రెండు మైళ్ళు గేర్లు మార్చలేక బండి గుర్రంలా ఎగిరింది. తరువాత కాళ్ళకు పాత జ్ఞాపకం వచ్చింది. గాలి చొక్కాలో దూరి వీపును ఉబ్బించింది. గిరి కేకలు పెట్టాడు. వెనకనుంచి నరేంద్ర కూడా, ఎప్పుడూ అరవని మనిషి, ఒక కేక పెట్టాడు. గేరు మారింది గానీ గిరి గీర మారలేదు. తిరిగి వస్తూ కాణిపాకం మలుపు దగ్గర టీ కొట్టు ముందు బండి ఆపాడు.

ఆ కొట్టు ముందు ఎప్పుడూ జనమే. అందులో నరేంద్ర సొంతూరివాళ్ళు కూడా కొందరు ఉన్నారు. నరేంద్ర గురించి ఆ ఊళ్ళో ఒక మాట ఉంది. అన్నదమ్ములు మామిడితోట పంచుకునేటప్పుడు, బావి పక్క నేలచెక్క తనకిస్తానని తండ్రి అన్నాడని నరేంద్ర చెప్పాడు. అన్నలు, "కాణిపాకంలో ప్రమాణం సెయ్యి, ఇచ్చేస్తాం" అన్నారు. ఈ పక్క కోర్టు తీర్పు మీదైనా అప్పీలు ఉంటుంది గానీ, కోనేట్లో మునిగి తడిబట్టలతో ఆ వినాయకుడి ముందు చెప్పిన మాట మీద ఉండదు. నరేంద్ర పోలేదు. తోట పోయింది. దాని మీద కూడా గిరి అప్పట్లో ప్రాస కట్టాడు: "తోటలో వాటా పోయె, నోట్లో మాటా పోయె." నరేంద్ర నవ్వి ఊరుకున్నాడు.

టీ తాగుతూ గిరి ట్యాంకు ఎడమ పక్కను అరచేత్తో రుద్దాడు.

"రేయ్ నరేంద్రా, ఈ బండి ఎప్పుడూ పడలేదన్నావే?"

"పడలేదు."

"అయితే ఒక పని సేద్దాం. మలుపులోనే ఉండాం గదా. గుళ్ళోకి పోయి ఆ ముక్క స్వామి ముందర ఒకసారి సెప్పేయ్. ఈ దినమే తీసుకుంటా బండి."

నరేంద్ర గ్లాసు కింద పెట్టాడు. "తమాషాకు అంటాండావా?"

"తమాషా ఏముందబ్బా ఇందులో? నిజమైతే రెండు నిమిషాల పని. మునుగు, సెప్పు, తుడుసుకో."

"నేను రాను."

"ఎందుకు రావు?"

"రానంటే రాను. నీకు నమ్మకముంటే తీసుకో, లేకుంటే మానుకో."

ఇక్కడ గిరి ఆగి ఉండాల్సింది. చుట్టూ పదిమంది చెవులు ఇటు తిరిగాయి. వినేవాళ్ళు కనిపిస్తే అతని నాలుకకు బ్రేకు పడదు.

"సూడండప్పా! ప్రమాణం సెయ్యమంటే ప్రయాణమే ఆపేసినాడు!" అన్నాడు గట్టిగా. ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు చాలలేదు. "తోటకాడ ఇంతే, బండికాడ ఇంతే. మావాడికి దేవుడంటే భక్తి కాదు, భయం. ఆ భయం ఎందుకో ఇన్నాళ్ళకు తెలిసింది. తోట సంగతిలో అన్నలదే నిజమేమో!"

ఈసారి అందరూ నవ్వారు. నరేంద్ర ఊరివాళ్ళు ఇంకొంచెం ఎక్కువ నవ్వారు. నరేంద్ర బండి తాళం గిరి చేతిలోంచి తీసుకున్నాడు. క్లచ్చు నొక్కలేని ఎడమచేతిని ఒకసారి విదిలించుకుని, బండి ఎక్కి, పళ్ళు బిగించి మొదటి గేరు వేశాడు. బండి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. గిరి ఆ ఎండలో బస్సు కోసం నిలబడ్డాడు. నిలబడి, తను చేసింది తప్పు కాదనీ, బండి కొనేవాడికి అడిగే హక్కు ఉంటుందనీ టీ కొట్టువాడికి వివరించాడు. టీ కొట్టువాడు గ్లాసులు కడుక్కుంటూ ఊఁ కొట్టాడు.

ఆ కోపం చల్లారేలోపల ఎర్రబండి కొనాలని తిరుపతికి పరిగెత్తాడు. రూపేష్ వయసు ముప్పై లోపు. నవ్వితే ముఖంలో పళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

"కాణిపాకంలో ప్రమాణం సేస్తావా అప్పా?" అని గిరి అడిగీ అడగకముందే, "రా సార్, పోదాం. నాకూ దర్శనమైతాది," అని కారు తీశాడు.

నిజంగానే మునిగాడు. నీళ్ళు కారే పంచెతో చేతులు జోడించి, "ఈ బండి నా చేతిలో ఒక్కసారి కూడా పడలేదు స్వామీ," అన్నాడు. గొంతు ఏమాత్రం వణకలేదు. గిరికి కళ్ళు చెమర్చాయి. నిజాయితీ అంటే ఇదీ అనుకున్నాడు. ఆ సాయంత్రమే తిరుపతికి తిరిగిపోయి, డబ్బు కట్టి, ఎర్రబండి మీద ఇంటికి వచ్చాడు. దారిలో హ్యాండిలు కొంచెం ఎడమకు లాగింది. తన చేతులకే అలవాటు తప్పిందనుకున్నాడు.

మూడు వారాలు అలాగే అనుకున్నాడు. తరువాత భుజం పట్టేసి గోవిందు దగ్గరికి తీసుకుపోయాడు. గోవిందు ముందు తొడుగు విప్పి, లోపలికి టార్చి వేసి చూసి, టార్చి గిరి చేతికిచ్చాడు. లోపల ఇనుప చట్రం మీద వేలెడంత అతుకు. పైన నల్లరంగు పూత.

"లారీకో గోడకో కొట్టుకున్న బండన్నా ఇది. సచ్చి బతికింది."

గిరి అక్కడినుంచే ఫోన్ చేసి అరిచాడు. రూపేష్ గొంతులో అదే మర్యాద.

"నా చేతిలో పడలేదన్నాను సార్. నాకంటే ముందున్నోడి చేతిలో పడింది. దేవుడి ముందర నేను అబద్ధం సెప్తానా?"

మాటలతో బతికే మనిషిని మాటతోనే పడగొట్టాడు వాడు. మర్నాడు పొద్దున లేవగానే ఈ కథను ఎవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. నవ్వుతూ చెప్పాలి, తన మీదే జోకు వేసుకోవాలి, రెండు తిట్లు తినాలి. అలా చెప్పుకోవడానికి మనిషి ఎవరని వెతికితే నరేంద్ర ఒక్కడే ఉన్నాడు. ఈ మూడు వారాల్లో నరేంద్ర ఫోన్ చేయలేదు. తను చేసినా ఎత్తలేదు. సరే, నేరుగా పోదాం, నల్లబండి కూడా కొనేద్దాం, రెండు బండ్లున్న వాడినైపోదాం అనుకుంటూ గ్రీమ్స్‌పేటలో నరేంద్ర ఇంటికి పోయాడు.

వసారాలో నరేంద్ర భార్య సుజన చాట ముందు పెట్టుకుని చెనక్కాయలు ఒలుస్తోంది. పక్కగదిలో నరేంద్ర తీగ చుడుతున్న చప్పుడు. నల్లబండి నిలిపే చోట ఏమీ లేదు.

"రా అన్నా అనవేమి సుజనా? నేను బండి మీద వచ్చినానా, బండే నా మీద వచ్చిందా అని సూస్తాండావా?" అన్నాడు గిరి.

సుజన తలెత్తలేదు. "టీ కొట్టుకాడ నువ్వేమన్నావో ఆ దినమే మా తోడికోడలు ఫోన్ చేసి సెప్పిందన్నా. నవ్వతా సెప్పింది."

"అది తమాషాకు..."

"అందరికీ తమాషానే. నీకు ఒక సంగతి సెప్తా, కూసో." ఆమె చేతులు ఆగలేదు. "నువ్వు వేలూరులో పండుకోనున్నప్పుడు ఏకాంబరం ఊరోళ్ళు మీ నాయన మీదికొచ్చినారు. తాగి గుద్దినాడు, కేసు పెడతాం అన్నారు. ఎనక కూసున్నోడు కాణిపాకంలో ప్రమాణం సేసి, తాగలేదని సెప్తే నమ్ముతాం అన్నారు. మీ నాయన ఈ వసారాలోనే, ఈడనే, ఈయన చేతులు పట్టుకుని ఏడ్చినాడు. ఈయన పోయినాడు. మునిగినాడు. నువ్వు చుక్క కూడా ముట్టలేదని సెప్పి వచ్చినాడు."

పక్కగదిలో తీగ చప్పుడు ఆగింది.

"మళ్ళా ఆ గుళ్ళో కాలు పెట్టలేదన్నా. నేను లోపలికి పోతే ఈయన చెప్పులకాడ నిలబడతాడు. తోట కోసం అన్నలు ప్రమాణం అడిగితే, 'అబద్ధం సెప్పిన నోటితో ఆడ నిజం కూడా సెప్పలేను' అన్నాడు. మా మామ ఆ చెక్క ఈయనకు ఇస్తానన్నది నిజమే. నేను కూడా విన్నాను. అయినా పోలేదు. తోట ఉన్నన్నాళ్ళు ఏటా ఏకాంబరం ఇంటికి కాయలు పంపినాడు. దానికి నువ్వు ప్రాస కట్టినావు."

"సుజనా, సాలు," అంటూ నరేంద్ర గుమ్మంలోకి వచ్చాడు. వేళ్ళకు రాగి మెరుపు అంటుకుని ఉంది.

గిరి లేచి నిలబడ్డాడు. తుంటి కలుక్కుమంది. "నాకెందుకు సెప్పలేదురా?"

"సెప్తే జోకు సేస్తావని."

నరేంద్ర గొంతులో కోపం లేదు. కోపం ఉంటే గిరి పట్టుకోవడానికి ఏదైనా అంచు దొరికేది.

"పా, పోదాం. ఆ టీ కొట్టుకాడనే నిలబడి సెప్తా. మీ అన్నలకు సెప్తా. ఏకాంబరం కాళ్ళ మీద పడతా."

"ఏకాంబరం పోయి రెండేండ్లయింది. ఆ కుంటికాలుతోనే బతికినాడు. కాయలు తీసుకున్నప్పుడంతా నన్ను సల్లగుండమన్నాడు." నరేంద్ర గుమ్మానికి ఆనుకున్నాడు. "ఊళ్ళో సెప్తానంటావా, సెప్పు. తాగి నడిపింది నువ్వు. దేవుడి ముందర అబద్ధమాడింది నేను. ఊరు ఎవురి మీద ఊస్తాదో నువ్వే ఆలోసించుకో."

గిరి ఆలోచించాడు. ఎంత తిప్పి చూసినా మాట నరేంద్ర మీదే పడుతోంది. ఆ నిజాన్ని బయటపెడితే ఇన్నేళ్ళూ నోరు మూసుకుని భరించిన మనిషే దొంగవుతాడు. బయటపెట్టకపోతే టీ కొట్టు దగ్గర తను అన్నదే ఊరికి నిజంగా మిగిలిపోతుంది. రెండు పక్కలా దారి మూసుకుపోయింది, రెండూ మూసింది తనే.

"మరి నన్నేం సెయ్యమంటావురా?"

"ఏం సెయ్యొద్దు. ఎవురికీ సెప్పొద్దు. నీ చేతనైతే."

గిరికి ఇంకేం అడగాలో తెలియక, అడగకూడనిదే అడిగాడు.

"బండి?"

"అమ్మేసినా. పాకాలాయన తీసుకున్నాడు. ట్యాంకు ఒక పక్క రంగు కొత్తగా ఉండాదేమని అడిగినాడు. బండి నిలిపేకాడ రేకుల నీడ ఆ పక్కకు రాదు, ఎండకు ఎలిసిపోతే ఏయించినానని సెప్పినా. సరేనన్నాడు." నరేంద్ర వేళ్ళకున్న రాగిపొడి తుండుగుడ్డకు తుడుచుకున్నాడు. "నువ్వూ అడిగుంటే సెప్పేవాణ్ణి. నువ్వు అడగలా. ఒట్టు అడిగినావు."

గిరి నోరు తెరిచాడు. యాభై ఏళ్ళుగా ఎప్పుడు తెరిచినా ఏదో ఒకటి రాలే నోరు. ఈసారి ఏదీ రాలేదు. వచ్చి ఉన్నా, ఆ ఇంట్లో వినడానికి ఎవరూ లేరు. నరేంద్ర అప్పటికే వెనక్కి తిరిగాడు.

"పోయేటప్పుడు గేటు ఎయ్యి. కుక్కలు వస్తాండాయి," అన్నాడు లోపలినుంచి. తీగ చుట్టే చప్పుడు మళ్ళీ మొదలైంది.

గిరి గేటు వేశాడు. కొక్కెం పడిందో లేదో రెండుసార్లు చూశాడు. ఎర్రబండి ఎక్కి తాళం తిప్పబోయి ఆగాడు. ఆ సైలెన్సరు చప్పుడు లోపలికి వినిపిస్తుంది. కిందికి దిగి, స్టాండు తీసి, తోయడం మొదలుపెట్టాడు. హ్యాండిలు ఎడమకు లాగుతోంది. ప్రతి రెండడుగులకూ దాన్ని కుడికి గుంజుకోవాల్సి వచ్చింది. ఎండకు మెడ కాలుతోంది.

వీధి చివర ఇస్త్రీ బండి అతను తలెత్తి చూశాడు. "ఏం సార్, పెట్రోలు అయిపోయిందా?"

గిరిప్రసాద్ తల ఊపి, తోసుకుంటూ పోయాడు.